జీమెయిల్‌కు, వాట్సాప్‌కు రెండో తాళం: ఏ వరుసలో వేసుకోవాలి?

టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డో ఫోన్ నంబరో ఒక్కటే చాలకుండా ఇంకో కోడో పిన్నో కూడా అడిగే ఏర్పాటు, ఆన్ చేసుకోమని అందరూ చెప్తారు. ఎక్కడ నొక్కాలో, నొక్కాక ఫోన్ పోతే ఏం చేయాలో చెప్పేవాళ్లు తక్కువ. కడపలో మా వీధివాళ్లు, చుట్టాలు ఈ మధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్నది ఇదే. వాళ్లలో సగం మంది ఇంకా ఆన్ చేసుకోనివాళ్లు. మిగతా సగం ఆన్ చేసుకున్నాక తమ ఖాతాలోకి తామే పోలేక వచ్చినవాళ్లు.

ఎక్కువగా ఆ రెండో సగం కోసమే ఇది రాస్తున్నా. ఇంటికి కొత్త తాళం కొంటే రెండు తాళంచెవులు వస్తాయి. ఒకటి మన దగ్గర ఉంటుంది, రెండోది అమ్మ దగ్గరో పక్కింటి పెద్దమ్మ దగ్గరో పెడతాం. ఫోన్‌లో మాత్రం తాళం ముందు వేసేసి, రెండో తాళంచెవి సంగతి మరిచిపోతున్నాం. కింద ఇచ్చిన వరుస మార్చకుండా చేయండి.

ఒక గంట తీరిక చూసుకోండి. కారం దోశ పార్సిల్ వచ్చేలోపు ముగించేద్దామనుకుంటే సగంలో ఆపేస్తారు. తాళం పడి, తాళంచెవి దాచుకోకముందే ఆపేస్తే అసలు మొదలుపెట్టకపోయినదానికంటే చిక్కు.

1. మొదట ఏ ఖాతాకు?

మెయిల్‌కు. చాలా యాప్‌లలో "పాస్‌వర్డ్ మరిచిపోయారా" అని నొక్కితే కొత్తది పెట్టుకునే లింకు వచ్చేది మెయిల్‌కే. మెయిల్ చేతికి చిక్కితే ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, షాపింగ్ యాప్‌లు, గూగుల్ డ్రైవ్‌లో దాచుకున్న ఆధార్, పాన్ కాపీలు అన్నీ వరుసగా చిక్కుతాయి.

తర్వాత వాట్సాప్. మన పేరుతో, మన ఫొటోతో "అర్జెంటుగా పదివేలు పంపించు, రేపు ఇస్తా" అని చుట్టాలకు మెసేజ్‌లు పోయేది అక్కడి నుంచే. ఆ తర్వాత ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టెలిగ్రామ్.

ఫోన్‌పే, గూగుల్ పే సంగతేమిటని చాలామంది అడుగుతారు. యూపీఐ యాప్‌లలో రెండంచెలు మొదటి నుంచీ ఉన్నాయి. మన సిమ్ ఉన్న ఫోన్ ఒక అంచె, యూపీఐ పిన్ ఇంకో అంచె. అక్కడ కొత్తగా ఆన్ చేయాల్సిందేమీ లేదు. ఒక్కటి గుర్తుంటే చాలు: మనకు డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు.

2. ఆ ఖాతా నిజంగా మీదేనా?

వింత ప్రశ్నలా ఉంటుంది గానీ ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఇంటర్ అయ్యాక కౌన్సెలింగ్‌కో, స్కాలర్‌షిప్‌కో, ఉద్యోగం అప్లికేషన్‌కో నెట్ సెంటర్‌కు పోతాం.

"మెయిల్ ఐడీ ఉందా?"

"లేదన్నా."

"ఉండు, చేస్తా."

రెండు నిమిషాల్లో ఐడీ తయారు. పాస్‌వర్డ్ ఆయనే పెడతాడు, మన పేరు పక్కన 123 చేర్చి. రికవరీ నంబర్ (పాస్‌వర్డ్ మరిచిపోతే కోడ్ వచ్చే నంబర్) అడిగిన చోట వెనక పదిమంది క్యూలో ఉన్నారని తన నంబరే కొట్టేస్తాడు. ఆయనకు చెడ్డ ఉద్దేశమేమీ లేదు. కానీ ఆ తర్వాత పదేళ్లు మన బ్యాంకు స్టేట్‌మెంట్లు, పీఎఫ్ మెయిళ్లు, ఫోన్ బ్యాకప్ అన్నీ ఆ ఐడీకే పోతుంటాయి.

మా చిన్నాయన కొడుకు ఇట్లాగే ఇరుక్కున్నాడు. పాస్‌వర్డ్ మరిచిపోతే గూగుల్ ఒక నంబర్ చివరి రెండు అంకెలు చూపించి, అక్కడికి కోడ్ పంపుతానంది. ఆ అంకెలు ఇంట్లో ఎవరి నంబర్‌వీ కావు. తీగ లాగితే ఆరేళ్ల కిందట ఫారం నింపిన నెట్ సెంటర్ అన్నది అని తేలింది. ఆయన షాపు ఎత్తేసి బెంగళూరు పోయినాడు. నంబర్ మార్చకపోవడం మావాడి అదృష్టం.

కాబట్టి తాళం వేయకముందు ఇవి చూసుకోండి:

☐ పాస్‌వర్డ్ మీకు తెలుసా? ఫోన్ గుర్తుపెట్టుకుని దానంతట అదే నింపేది లెక్కలోకి రాదు. మీరు సొంతంగా టైప్ చేయగలగాలి. లేకపోతే ఇప్పుడే మార్చి, ఇంకెక్కడా వాడనిది పెట్టండి.

☐ రికవరీ నంబర్ ఇప్పుడు మీ చేతిలో ఉన్న సిమ్‌దేనా?

☐ రికవరీ మెయిల్ ఎవరిది? అది తెరుచుకుంటుందా? తెరిచి చూడండి.

☐ ఖాతా ఏ ఏ ఫోన్లలో, కంప్యూటర్లలో తెరిచి ఉంది? గూగుల్ ఖాతా సెక్యూరిటీ పేజీలో (అక్కడికి దారి 5వ భాగంలో ఉంది) "మీ పరికరాలు" అనే జాబితా ఉంటుంది. అమ్మేసిన పాత ఫోన్, ఆఫీసు కంప్యూటర్ కనిపిస్తే సైన్ అవుట్ కొట్టండి.

☐ సిమ్ ఎవరి పేరు మీద ఉంది? నాన్న పేరు మీదో, ఎప్పుడో కలిసి తీసుకున్న ఫ్రెండ్ పేరు మీదో ఉంటే, సిమ్ పోయిన రోజు డూప్లికేట్ కోసం వాళ్లే రావాలి. కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో మీ పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో చూసుకోవచ్చు.

☐ పెన్ను, తెల్లకాగితం.

పాత నంబర్ విషయం తేలిగ్గా తీసుకోవద్దు. రీఛార్జ్ చేయక ఆగిపోయిన నంబర్‌ను కంపెనీ 90 రోజుల దాకా ఇంకొకరికి ఇవ్వదు. ఆ తర్వాత ఇవ్వొచ్చు. అప్పుడు మీ ఓటీపీలు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి పోతాయి. రెండో సిమ్‌కు రీఛార్జ్ ఎందుకులే అని వదిలేసేముందు దానికి ఏ ఖాతాలు కట్టి ఉన్నాయో చూసి, అన్నిటిలో నంబర్ మార్చండి.

3. రెండో అంచె ఏది పెట్టుకోవాలి?

ఎస్‌ఎంఎస్ ఓటీపీ: అందరికీ అలవాటైనది. కానీ లోపాలున్నాయి. ఎవరైనా మోసంతో మీ నంబర్‌కు డూప్లికేట్ సిమ్ తీసుకుంటే కోడ్‌లు వాడికే పోతాయి. ఇంకా ఎక్కువగా జరిగేది వేరే ఉంది. పీఎం కిసాన్ అని, పెళ్లి పత్రిక అని, ట్రాఫిక్ చలానా అని వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఇన్‌స్టాల్ అయ్యే యాప్‌లు) తిరుగుతుంటాయి. వాటిని ఇన్‌స్టాల్ చేసి అడిగిన అనుమతులన్నీ ఇస్తే, ఫోన్‌కు వచ్చే ఎస్‌ఎంఎస్‌లు అవే చదివి బయటికి పంపేస్తాయి. ఓటీపీ మీరు ఎవరికీ చెప్పకపోయినా పోతుంది.

ఆథెంటికేటర్ యాప్: ఫోన్‌లోనే 6 అంకెల కోడ్ పుడుతుంది, 30 సెకన్లకోసారి మారుతుంది. సిగ్నల్ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు, రీఛార్జ్ అయిపోయినా పనిచేస్తుంది.

ఫోన్‌లో అడిగే "మీరేనా?" ప్రశ్న: గూగుల్ ఇది వాడుతుంది. కొత్తచోట లాగిన్ అయితే మీ ఫోన్ తెర మీద ప్రశ్న వస్తుంది. సులువే. కానీ పనిలో ఉండి, ఏదో వచ్చిందిలే అని "అవును" నొక్కేవాళ్లను చూశాను. మీరు లాగిన్ చేయనప్పుడు వస్తే "కాదు" నొక్కి, వెంటనే పాస్‌వర్డ్ మార్చండి. అట్లా వచ్చిందంటే మీ పాస్‌వర్డ్ ఎవడికో తెలిసి ఉండొచ్చు.

పాస్‌కీ: పాస్‌వర్డ్ బదులు వేలిముద్రతోనో ఫోన్ లాక్‌తోనో తెరుచుకునేది. దొంగ వెబ్‌సైట్‌లో ఇది అసలు పనిచేయదు, అందుకే అన్నిటికంటే గట్టిది. అలవాటైనవాళ్లు తప్పకుండా పెట్టుకోండి.

నా సలహా ఇది: చదువుకునే పిల్లలు, ఉద్యోగులు, వ్యాపారం చేసేవాళ్లు ఆథెంటికేటర్ యాప్ పెట్టుకుని, కాగితం మీద బ్యాకప్ కోడ్‌లు (ఫోన్ లేనప్పుడు వాడే కోడ్‌లు, 6వ భాగంలో చెప్తా) రాసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లకు ఎస్‌ఎంఎస్ చాలు. వాళ్లకు యాప్ పెట్టి టెన్షన్ పెట్టడం కంటే, ఏపీకే ఫైల్ ముట్టుకోవద్దని నాలుగుసార్లు చెప్పడం మేలు. ఎస్‌ఎంఎస్‌లో లోపాలున్నాయని ఏమీ పెట్టుకోకుండా ఉండటం మాత్రం పనికిరాదు.

4. ఆథెంటికేటర్ యాప్ సిద్ధం చేసుకోవడం

ప్లే స్టోర్‌లో వెతికితే ఒకే రకం బొమ్మతో పది యాప్‌లు కనిపిస్తాయి. కొన్ని రెండో కోడ్ పెట్టగానే నెలకింత కట్టమంటాయి. గూగుల్ ఆథెంటికేటర్ లేదా మైక్రోసాఫ్ట్ ఆథెంటికేటర్ తీసుకోండి. యాప్ పేరు కింద తయారు చేసినవాళ్ల పేరు చూసి మరీ తీసుకోండి. రెండూ ఉచితమే.

లోపల జరిగేది ఇంతే. మొదటిసారి కలిపేటప్పుడు వెబ్‌సైట్ ఒక రహస్య కీ ఇస్తుంది. క్యూఆర్ కోడ్‌లో ఉండేది అదే. ఆ కీని, ఇప్పటి సమయాన్ని కలిపి లెక్క కడితే 6 అంకెలు వస్తాయి. అదే లెక్క అటువైపు వెబ్‌సైట్ కూడా కడుతుంది. రెండూ ఒకటైతే తలుపు తీస్తుంది.

ఈ లెక్క తెలిస్తే రెండు సంగతులు అర్థమవుతాయి. ఒకటి, ఫోన్ గడియారం తప్పుగా ఉంటే కోడ్ తప్పుతుంది. రెండు, ఆ క్యూఆర్ కోడ్ ఫొటో ఎవరి దగ్గరుంటే వాళ్లూ మీ కోడ్‌లు తయారు చేయగలరు. దాన్ని వాట్సాప్‌లో ఎవరికీ పంపకండి.

☐ ఫోన్ సెట్టింగ్స్‌లో తేదీ, సమయం ఆటోమేటిక్‌గా పెట్టండి.

☐ ఫోన్‌కు స్క్రీన్ లాక్ ఉండాలి. లాక్ లేని ఫోన్‌లో ఆథెంటికేటర్ పెట్టడం, బీరువాకు తాళం వేసి తాళంచెవి దానికే వదిలేయడం లాంటిది.

5. గూగుల్ ఖాతాకు పెట్టే వరుస

బటన్ల పేర్లు అప్పుడప్పుడు అటూ ఇటూ మారుతుంటాయి. వరుస మాత్రం ఇదే.

1. ఫోన్ సెట్టింగ్స్‌లో గూగుల్ నొక్కి, "మేనేజ్ యువర్ గూగుల్ అకౌంట్" తెరవండి. కంప్యూటర్‌లో అయితే జీమెయిల్‌లో కుడివైపు పైన మీ ఫొటో నొక్కితే అదే కనిపిస్తుంది.

2. "సెక్యూరిటీ" విభాగంలోకి పోండి. అక్కడ రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ మరోసారి చూసుకోండి.

3. "టూ స్టెప్ వెరిఫికేషన్" నొక్కండి. పాస్‌వర్డ్ అడుగుతుంది.

4. మీ ఫోన్ నంబర్ చేర్చండి. ఎస్‌ఎంఎస్‌తో వచ్చిన కోడ్ కొడితే అది ఖాయమవుతుంది.

5. "ఆథెంటికేటర్" నొక్కి, "సెటప్" నొక్కండి. క్యూఆర్ కోడ్ వస్తుంది.

6. యాప్ తెరిచి, ప్లస్ గుర్తు నొక్కి, కోడ్ స్కాన్ చేయండి. యాప్‌లో కనిపించిన 6 అంకెలు వెబ్ పేజీలో కొట్టండి.

7. బ్యాకప్ కోడ్‌లు తీసి రాసుకోండి. ఎట్లా అనేది తర్వాతి భాగంలో ఉంది.

8. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ అయిందో లేదో పైన చూడండి. కొందరు నంబర్ చేర్చి, యాప్ కలిపి, ఆన్ బటన్ నొక్కకుండానే పేజీ మూసేస్తారు.

ఆరో మెట్టు దగ్గర ఎక్కువమంది ఆగిపోతారు. ఉన్నది ఒకటే ఫోన్. క్యూఆర్ కోడ్ ఆ ఫోన్ తెర మీదే ఉంది. దాన్ని దాంతోనే ఎట్లా స్కాన్ చేయాలి? చేయక్కర్లేదు. కోడ్ కింద "స్కాన్ చేయలేకపోతున్నారా" అని ఉంటుంది. అది నొక్కితే అక్షరాలు, అంకెలు కలిసిన పొడవాటి కీ కనిపిస్తుంది. దాన్ని కాపీ చేసి, యాప్‌లో ప్లస్ నొక్కి, "ఎంటర్ ఏ సెటప్ కీ" అనే చోట పేస్ట్ చేయండి. కింద "టైమ్ బేస్డ్" అని ఉండాలి. అంతే.

ఇప్పుడు పరీక్ష. ఈ ఫోన్‌లో సైన్ అవుట్ కావద్దు. ఇంట్లో వేరే ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో బ్రౌజర్‌ను ఇన్‌కాగ్నిటోలో (పాత లాగిన్‌లు గుర్తుపెట్టుకోని విండోలో) తెరిచి, మీ ఖాతాలోకి లాగిన్ అవ్వండి. పాస్‌వర్డ్ తర్వాత కోడ్ అడగాలి, మీరు కొట్టిన కోడ్ పనిచేయాలి. ఫోన్‌లో "మీరేనా?" అని వస్తే "వేరే పద్ధతి" నొక్కి ఆథెంటికేటర్ ఎంచుకోండి. ఏదైనా తేడా వస్తే మొదటి ఫోన్‌లో ఖాతా తెరిచే ఉంది కాబట్టి సరిచేసుకోవచ్చు.

6. బ్యాకప్ కోడ్‌లు: రెండో తాళంచెవి ఇదే

దీని దగ్గర నాకు ఒక దెబ్బ తగిలింది. ఒక మే నెల మధ్యాహ్నం బండి ట్యాంకు కవర్‌లో పెట్టిన ఫోన్ వేడెక్కి, తెర నల్లగా అయిపోయింది. మళ్లీ వెలగలేదు. ఆథెంటికేటర్ అందులోనే. బ్యాకప్ కోడ్‌లు తీసుకున్నాను గానీ, దాచింది డ్రైవ్‌లో. డ్రైవ్ తెరవాలంటే గూగుల్‌లోకి పోవాలి. గూగుల్‌లోకి పోవాలంటే కోడ్ కావాలి. తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకు తాళం వేశానన్నమాట. రికవరీ పేజీతో నాలుగు రోజులు కుస్తీ పట్టాను.

గూగుల్ 10 కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటి 8 అంకెలు. ఒక్కో కోడ్ ఒకసారే పనిచేస్తుంది. కొత్తవి తీసుకున్న వెంటనే పాత పదీ పనిచేయడం ఆగిపోతాయి. ఫోన్ లేకపోయినా, సిమ్ లేకపోయినా, పాస్‌వర్డ్‌తో పాటు వీటిలో ఒకటి ఉంటే లోపలికి పోవచ్చు.

ఇట్లా దాచుకోండి:

☐ చేత్తో కాగితం మీద రాయండి. రాశాక అంకెలు మరోసారి సరిచూడండి. 1 కి, 7 కి తేడా తెలిసేలా రాయండి.

☐ పైన ఏ ఖాతావో, ఏ తేదీన తీసుకున్నారో రాయండి. పాస్‌వర్డ్ మాత్రం అదే కాగితం మీద రాయొద్దు.

☐ ఇంట్లో ఎప్పుడూ పారేయని కాగితాలతో పెట్టండి. మా ఇంట్లో పట్టాదారు పాస్‌బుక్, రేషన్ కార్డు ఉండే గుడ్డసంచిలో ఉంటుంది. ఆ సంచి పోయే అవకాశం ఫోన్ పోయే అవకాశం కంటే చాలా తక్కువ.

☐ రెండో కాపీ వేరే ఇంట్లో పెడితే ఇంకా మంచిది. హాస్టల్‌లో చదివే పిల్లలు ఒకటి తమ దగ్గర, ఒకటి ఇంట్లో అమ్మ దగ్గర పెట్టండి.

☐ వాడిన కోడ్‌ను కొట్టేయండి. మూడు మిగిలినప్పుడు కొత్తవి తీసుకోండి.

ఫోన్ గ్యాలరీలో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటామంటారు చాలామంది. ఫోన్ పోయినప్పుడు వాడాల్సింది ఫోన్‌లోనే ఉంటే ఏం లాభం?

గూగుల్ ఆథెంటికేటర్‌లో 2023 నుంచి కోడ్‌లను గూగుల్ ఖాతాలోకి బ్యాకప్ చేసుకునే వీలుంది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ కోడ్‌లకు అది బాగా పనికొస్తుంది. అదే గూగుల్ ఖాతాను తెరిచే కోడ్‌కు మాత్రం దాన్ని నమ్ముకోవద్దు; నా బీరువా కథే మళ్లీ జరుగుతుంది. దానికి కాగితమే దిక్కు.

7. వాట్సాప్‌కు పిన్

కొత్త ఫోన్‌లో వాట్సాప్ పెట్టేటప్పుడు ఎస్‌ఎంఎస్‌తో 6 అంకెల కోడ్ వస్తుంది కదా. దాని మీద ఇంకో అంచెగా మనం సొంతంగా పెట్టుకునే పిన్ ఇది. దీనికీ 6 అంకెలే కావడంతో రెండిటినీ కలిపేసుకుని తికమక పడతారు. ఎస్‌ఎంఎస్ కోడ్ ప్రతిసారీ మారుతుంది, పిన్ మీరు మార్చేదాకా మారదు.

1. సెట్టింగ్స్, ఆ తర్వాత అకౌంట్, ఆ తర్వాత టూ స్టెప్ వెరిఫికేషన్.

2. ఆన్ చేసి 6 అంకెల పిన్ పెట్టండి. పుట్టినతేదీ, బండి నంబర్, 123456 వద్దు. యూపీఐ పిన్, ఏటీఎం పిన్ అసలే వద్దు.

3. మెయిల్ ఐడీ అడుగుతుంది. "తర్వాత చూద్దాం" అని దాటేయకండి. పిన్ మరిచిపోతే తిరిగి పెట్టుకునే దారి ఇదే. మెయిల్ ఇవ్వకపోతే 7 రోజులు ఆగాలి.

అప్పుడప్పుడు వాట్సాప్ తనంతట తానే పిన్ అడుగుతుంది. అది మీరు మరిచిపోకుండా ఉండటానికే. హ్యాక్ అయిందని కంగారు పడొద్దు.

పిన్ పెట్టినా ఒక కిటికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా మీ ఫోన్ రెండు నిమిషాలు తీసుకుని తన కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ కలిపేసుకుంటే పిన్ అడ్డుపడదు. వాట్సాప్‌లో "లింక్డ్ డివైజెస్" తెరిచి, తెలియనివి తీసేయండి. జిరాక్స్ షాపులో ప్రింట్ కోసం వాట్సాప్ వెబ్ కలిపినవాళ్లు ఈ జాబితా ఈ రోజే చూడండి.

8. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, టెలిగ్రామ్

గూగుల్‌కు చేసినవాళ్లకు ఇవి పది నిమిషాల పని. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ రెండిటికీ సెట్టింగ్స్‌లో "అకౌంట్స్ సెంటర్", అందులో "పాస్‌వర్డ్ అండ్ సెక్యూరిటీ", అందులో "టూ ఫ్యాక్టర్ ఆథెంటికేషన్". ఒక్కో ఖాతాకు విడివిడిగా ఆన్ చేయాలి. యాప్ కలిపాక రికవరీ కోడ్‌లు తీసుకుని అదే సంచిలోకి.

చీరల వ్యాపారమో, ఊరగాయల వ్యాపారమో ఇన్‌స్టా పేజీ మీద నడిపేవాళ్లు దీన్ని వాయిదా వేయకండి. "మీ పేజీ మీద కాపీరైట్ ఫిర్యాదు వచ్చింది, 24 గంటల్లో తీసేస్తాం, ఇక్కడ నొక్కండి" అనే మెసేజ్‌లు ఎక్కువగా వచ్చేది వీళ్లకే. ఆ లింకులో కనిపించేది దొంగ లాగిన్ పేజీ. అక్కడ ఆథెంటికేటర్ కోడ్ కొట్టినా, అవతలివాడు ఆ 30 సెకన్లలోపు దాన్ని అసలు పేజీలో వాడేస్తాడు. కోడ్ ఎప్పుడూ యాప్‌లోనో, మీరు సొంతంగా తెరిచిన వెబ్‌సైట్‌లోనో కొట్టాలి.

టెలిగ్రామ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, టూ స్టెప్ వెరిఫికేషన్. అక్కడ అడిగేది పాస్‌వర్డ్. రికవరీ మెయిల్ ఇవ్వడం మరవకండి.

9. కువైట్‌లో, బయటి రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకు

కడప, రాయచోటి, రాజంపేట వైపు వీధికొకరైనా గల్ఫ్‌లో ఉంటారు. వాళ్ల బాధ వేరే. ఇండియా సిమ్ ఇంట్లో భార్య ఫోన్‌లో ఉంటుంది, ఓటీపీ ఆమెకు వస్తుంది. డ్యూటీ మధ్యలో ఫోన్ చేసి, "ఏమొచ్చిందే, చదువు" అని అడిగే సరికి కోడ్ టైమ్ అయిపోతుంది. అంతకంటే పెద్ద చిక్కు: ఆమెకు ఫోన్‌లో ఓటీపీ చదివి చెప్పడం అలవాటైపోతుంది. రేపు ఎవడో "బ్యాంకు నుంచి" అని అడిగినా అదే నోటితో చెప్పేస్తుంది.

ఊరికి వచ్చినప్పుడే మెయిల్‌కు, సోషల్ మీడియాకు ఆథెంటికేటర్ కలుపుకుని పోండి. సిగ్నల్‌తో, దేశంతో దానికి పనిలేదు. ఒక్క జాగ్రత్త: కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ దిగాక గడియారం ముల్లు తిప్పినట్టు ఫోన్ సమయాన్ని చేత్తో మార్చితే కోడ్‌లు పనిచేయవు. ఆటోమేటిక్‌గా వదిలేయండి, టైమ్ జోన్ అదే మారుతుంది, కోడ్ సరిగ్గా వస్తుంది.

బ్యాంకు ఓటీపీలు మాత్రం చాలావరకు సిమ్‌కే వస్తాయి. ఆ నంబర్ రీఛార్జ్ ఆగిపోకుండా ఇంట్లోవాళ్లకు అప్పజెప్పి పోండి.

10. తరచూ వచ్చే చిక్కులు, వాటికి మందు

"కోడ్ సరిగ్గానే కొట్టినా తప్పంటోంది." ముందు సమయం ఆటోమేటిక్‌లో ఉందో చూడండి. తర్వాత, యాప్‌లో ఏ ఖాతా కోడ్ చూస్తున్నారో చూడండి. రెండు జీమెయిల్‌లు ఉన్నవాళ్లు ఒకదాని కోడ్ ఇంకోదానికి కొడుతుంటారు. కోడ్ ఆఖరి ఐదు సెకన్లలో ఉంటే కొత్తది వచ్చేదాకా ఆగండి.

"కొత్త సిమ్ తీసుకున్నా, ఓటీపీలు రావట్లేదు." సిమ్ మార్చాక 24 గంటలు ఎస్‌ఎంఎస్‌లు ఆపి ఉంచాలని టెలికాం శాఖ 2022 లో కంపెనీలను ఆదేశించింది. సిమ్ దొంగతనంగా మార్చేవాళ్లను ఆపడానికి ఆ ఏర్పాటు. ఒక రోజు ఆగండి, లేదా బ్యాకప్ కోడ్ వాడండి.

"ఫోన్‌లో సిగ్నల్ ఉన్నట్టుండి పోయింది, గంటలైనా రాలేదు." పక్కవాళ్లకు అదే కంపెనీ సిగ్నల్ ఉండి మీకే లేకపోతే, వేరే ఫోన్ నుంచి వెంటనే కస్టమర్ కేర్‌కు చేయండి. మీ నంబర్‌కు ఎవరైనా డూప్లికేట్ తీసుకున్నారేమో అడగండి.

"కొరియర్ వాళ్లమంటూ స్టార్ 401 స్టార్ అని మొదలయ్యే నంబర్ డయల్ చేయమన్నారు." చేయొద్దు. అది మీ కాల్స్‌ను వాడి ఫోన్‌కు మళ్లించే కోడ్. వాట్సాప్ కోడ్ కాల్ ద్వారా కూడా చెప్తుంది కాబట్టి, ఆ కాల్ వాడికి పోతే మీ వాట్సాప్ వాడిదవుతుంది. ఇప్పటికే చేసి ఉంటే కాల్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్ తెరిచి అన్నీ ఆపేయండి.

"నా వాట్సాప్ వేరేవాడి చేతికి పోయింది." మీ ఫోన్‌లో మీ నంబర్‌తో మళ్లీ రిజిస్టర్ చేసి, ఎస్‌ఎంఎస్ కోడ్ కొట్టండి. అక్కడితో వాడు బయటికి పోతాడు. వాడు ముందే పిన్ పెట్టేసి ఉంటే మీరు 7 రోజులు ఆగాల్సి వస్తుంది, కానీ ఆ 7 రోజులు వాడూ వాడలేడు. ఈలోపు చుట్టాలందరికీ ఫోన్ చేసి చెప్పండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కు కాల్ చేయండి.

"నెట్ సెంటర్‌లో లాగిన్ అవ్వాలి." అవ్వండి, కానీ "ఈ కంప్యూటర్‌లో మళ్లీ అడగొద్దు" అనే టిక్కు తీసేయండి. పని కాగానే సైన్ అవుట్. మరిచిపోతే ఇంటికొచ్చి ఫోన్‌లో "మీ పరికరాలు" తెరిచి అక్కడి నుంచి తీసేయొచ్చు.

11. ఫోన్ మార్చేటప్పుడు

పాత ఫోన్ ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చి, ఇంటికొచ్చాక ఆథెంటికేటర్ గుర్తొచ్చేవాళ్లు ఎక్కువ. పాత ఫోన్ ఇచ్చేయకముందే కోడ్‌లను కొత్త ఫోన్‌లోకి మార్చుకోవాలి, అందుకోసం పాత ఫోన్ రెండు రోజులు ఉంచుకోవాలి.

1. రెండు ఫోన్లూ చేతిలో పెట్టుకోండి.

2. పాత ఫోన్‌లో గూగుల్ ఆథెంటికేటర్ మెనూ తెరిచి "ట్రాన్స్‌ఫర్ అకౌంట్స్", ఆ తర్వాత "ఎక్స్‌పోర్ట్" నొక్కండి. క్యూఆర్ కోడ్ వస్తుంది.

3. కొత్త ఫోన్‌లో యాప్ పెట్టి, "ఇంపోర్ట్" నొక్కి దాన్ని స్కాన్ చేయండి.

4. రెండు ఫోన్లలో ఒకే కోడ్‌లు కనిపిస్తున్నాయో చూడండి. కొత్త ఫోన్ కోడ్‌తో ఒకసారి లాగిన్ అయి చూడండి.

5. వాట్సాప్ కొత్త ఫోన్‌లోకి మార్చుకోండి. పిన్ అడుగుతుంది.

6. ఇవన్నీ అయ్యాకే పాత ఫోన్ ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.

12. ఫోన్ పోతే, మొదటి రెండు గంటలు

బస్టాండ్‌లో జేబు తడుముకుని గుండె ఆగినంత పనవుతుంది. అప్పుడు ఏది ముందో తోచదు కాబట్టి ఈ భాగాన్ని కాగితం మీద రాసి ఆ సంచిలోనే పెట్టుకోండి.

1. ఇంట్లోవాళ్ల ఫోన్ నుంచి కస్టమర్ కేర్‌కు చేసి సిమ్ ఆపించండి. ఓటీపీలు దొంగకు పోకుండా ఆగేది దీంతోనే.

2. బ్యాంకుకు చేసి యూపీఐ, మొబైల్ బ్యాంకింగ్ ఆపించండి.

3. ఇంటికి రాగానే వేరే ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో జీమెయిల్ తెరవండి. పాస్‌వర్డ్ కొట్టాక, కోడ్ అడిగిన చోట "వేరే పద్ధతి" నొక్కి, సంచిలోని బ్యాకప్ కోడ్ ఒకటి వాడండి.

4. పాస్‌వర్డ్ మార్చండి. "మీ పరికరాలు"లో పోయిన ఫోన్‌ను సైన్ అవుట్ చేయండి.

5. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, ఆ కాపీతో సంచార్ సాథీలో ఫోన్‌ను బ్లాక్ చేయించండి. దీనికి ఐఎంఈఐ నంబర్ (ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు నంబర్) కావాలి. ఫోన్ డబ్బా మీద, బిల్లు మీద ఉంటుంది. డబ్బా దాచే అలవాటు లేకపోతే ఇప్పుడే *#06# డయల్ చేసి నంబర్ రాసుకోండి.

6. డూప్లికేట్ సిమ్ తీసుకోండి. ఎస్‌ఎంఎస్‌ల కోసం 24 గంటలు ఆగాలి.

7. కొత్త ఫోన్‌లో ఆథెంటికేటర్‌ను మళ్లీ మొదటి నుంచి కలపండి. పాతది ఖాతాలోంచి తీసేయండి.

8. కొత్త బ్యాకప్ కోడ్‌లు తీసుకోండి. పాత చీటీ చింపేసి, కొత్తది పాస్‌బుక్ సంచిలో పెట్టండి.